గున్నేశ్వరరావు సున్నం గీత

ముందు శబ్దం వచ్చింది. మూడు దెబ్బలు, కాసేపు ఖాళీ, మళ్ళీ మూడు దెబ్బలు. మూసిన తలుపును ఎవరో మర్యాదగా తడుతున్నట్టు ఉంది. రెండు వేల రెండు ఏప్రిల్‌లో ఒక ఉదయం. వేసవికి కాలువ నీళ్ళు కట్టేయడానికి ఇంకా వారం ఉంది. పాలకొల్లులో మా వీధికి ఆ వేళ నీళ్ళ వాసన, కాగుతున్న పాల వాసన కలిసి వస్తాయి. వాటి మధ్య నుంచి ఆ దెబ్బలు నింపాదిగా వచ్చాయి.

గోడ అవతల మాణిక్యాంబగారి పెరడు. గోడ మీదుగా చూస్తే ముందు గొడ్డలి కనిపించింది, తరువాత మనిషి. గొడ్డలి పదును తనవైపు తిప్పుకుని, వెనక వైపుతో పనసచెట్టు మొదలును కొడుతున్నాడు. కొట్టి తల పక్కకు వాల్చి ఆగుతున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. అరచేతులు చెట్టు బెరడు రంగులో ఉన్నాయి. నడుముకు కట్టిన తువ్వాలులో ఇత్తడి సున్నపుకాయ మెరుస్తోంది.

అతను గున్నేశ్వరరావు. చెట్లు ఎక్కి కొమ్మలు దించడం, మొదలు నరకడం అతని పని. కానీ చుట్టుపక్కల పది ఊళ్ళ వాళ్ళు అతన్ని పిలిచేది అంతకంటే ముందు పనికి. నిలబడి ఉన్న చెట్టును అమ్మాలన్నా, ఇంటి మీదికి వాలిన చెట్టును ఉంచాలా తీయాలా తేల్చాలన్నా, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కలిసే అతన్ని తీసుకొస్తారు. అతను మూడు ఎత్తుల్లో కొట్టి వింటాడు. లోపల చేవ నిండుగా ఉంటే సున్నపుకాయ మూత తీసి, చూపుడు వేలితో మొదలు మీద ఒక గీత గీస్తాడు. ఆ గీత పడితే చెట్టు గట్టిది. అమ్మితే కలప ధర పలుకుతుంది, ఉంచితే గాలివానకు భయం లేదు. గీత పడలేదంటే గుల్ల. అది వంటచెరకు కిందే పోతుంది. రెండు పక్షాల్లో ఎవరూ ఎదురు చెప్పరు. అతని తండ్రి గీసిన గీతలకూ ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ ఉదయం అతను మూడు చోట్ల కొట్టి ఆగలేదు. ఏడు చోట్ల కొట్టాడు.

"ఏంటయ్యా గున్నేశ్వరరావూ, చెట్టుని కొడతన్నావా, నిద్ర లేపుతున్నావా?" అన్నారు మాణిక్యాంబగారు, వంటింటి గుమ్మంలో నిలబడి.

"లెగట్లేదండి అమ్మగారూ."

"పెళ్ళిచూపులకొచ్చినోడిలా ఆ చుట్టూ తిరగడం ఏంటి? అవునో కాదో చెప్పెయ్," అన్నారు సత్యప్రసాద్‌గారు. కాలువ గట్టున కలప అడితి ఆయనది. చెట్లను కొని, కోయించి, దుంగలుగా పేర్చి అమ్ముతారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

గున్నేశ్వరరావు చెట్టుకు చెయ్యి ఆనించాడు. చెయ్యి సున్నపుకాయ దాకా వెళ్ళి, మూత తీయకుండానే తిరిగి వచ్చింది.

"గుల్లండి," అన్నాడు.

ఆ చెట్టు గుల్ల కాదు. అతని చెవిలోనే ఒక శబ్దం లేదు. ఆ సంగతి ఆ ఉదయం అతనికి తెలియదు. మాణిక్యాంబగారికీ, ఇవతల నిలబడ్డ నాకూ తెలియదు. సత్యప్రసాద్‌గారికి తెలుసు.

*

చెట్టును వినడం తండ్రి నేర్పాడు. చిన్నప్పుడు ఇంట్లో ప్రతి వస్తువునూ కొట్టించేవాడట. కుండ, గుంజ, రోకలి, నిండిన బిందె, సగం బిందె. "కడుపు నిండినోడు ఠంగుమంటాడు. లోపల చెదల్ని మోసేవోడు దబ్బుమంటాడు. ఆ మధ్యన ఉండేవోడే మోసం చేత్తాడు, వాణ్ణి రెండుసార్లు కొట్టు," అనేవాడట. ఈ మాటలు గున్నేశ్వరరావు నాకు చాలా రోజుల తరువాత మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. ఇక్కడ రాసినవాటిలో నేను చూడనివన్నీ ఆ అరుగు మీద విన్నవే.

పనిలో అతనిది తొందర లేని చెయ్యి. ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మను ముందు మోకుతో కట్టేవాడు. మోకు రెండో కొస కింద అచ్చిబాబు చేతిలో ఉండేది. అచ్చిబాబు అతని బావమరిది. మనిషి లావు, మాట పొడుగు. మోకును మొదలు చుట్టూ రెండు మెలికలు వేసి, కొమ్మ తెగిన క్షణం నుంచి మూరెడు మూరెడుగా వదిలేవాడు. పైన ముందు అడుగువైపు ఒక గాటు, తరువాత మీది నుంచి కోత. ఆ గాటు లేకపోతే కొమ్మ విరుగుతూ మొదలు తోలును ఊడబెరుక్కుని పోతుంది. ఆకులు, నీడ, పిట్టగూళ్ళ పుల్లలు అన్నీ కలిసి ఒక పచ్చటి మబ్బు పెంకుల మీదుగా కిందికి దిగేది. ఒక్క పెంకు కదిలేది కాదు.

తొంభై ఆరు నవంబరు తుఫాను కోనసీమ మీద విరుచుకుపడింది. తెల్లవారేసరికి కొబ్బరితోటలు తల దువ్వుకున్నట్టు ఒకే దిక్కుకు పడుకున్నాయి. రోడ్లు కనిపించలేదు. ఎక్కడ చూసినా మొదళ్ళే. గొడ్డలికీ చేతి రంపానికీ తెగే పని కాదు. సత్యప్రసాద్‌గారు రాజమండ్రి వెళ్ళి నారింజరంగు మెషీన్ రంపం ఒకటి తెచ్చి గున్నేశ్వరరావు చేతిలో పెట్టారు. పెట్రోలులో ఆయిలు కలిపి పోసి, తాడు లాగితే అరుస్తుంది. అతను, అచ్చిబాబు నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి అవతలికి వెళ్ళారు. అయిదు నెలలు వెనక్కి రాలేదు. రోజుకు పది గంటలు ఆ అరుపు అతని రెండు చెవుల మధ్య ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా అది ఆగినట్టు అనిపించేది కాదట.

రంపం వచ్చిన పెట్టెలో ఇంకొకటి ఉంది. నల్లటి కమ్మీకి రెండు వైపులా రెండు డిప్పలు. పెట్టె అడుగున ఇంగ్లీషు కాగితాలు. వాటిని లోవమ్మ బియ్యం డబ్బా కింద పరిచింది. లోవమ్మ అతని భార్య, అచ్చిబాబుకు అక్క. ఆ డిప్పలను అచ్చిబాబు తలకు తగిలించుకుని చాలాసేపు చూశాడు.

"పాటలు రావట్లేదు బావా. చెడిపోయినియ్ ఇచ్చారు."

"వైరే లేదు కదరా."

"అదే చెప్తన్నా. వైరు కొట్టేసి ఇచ్చారు."

గున్నేశ్వరరావు ఇంటి పక్కనే రైసుమిల్లు. ఆ ఏడు కూతురు హారతికి పదో తరగతి పరీక్షలు. డిప్పలు పెట్టుకుంటే మిల్లు చప్పుడు ఆగిపోతుందని కనిపెట్టింది ఆ పిల్లే. నాలుగు నెలలు వాటిని పెట్టుకుని చదివింది. ఫస్టుక్లాసు వచ్చింది. పాటలు రాని డిప్పలు అలా అక్కరకొచ్చాయని ఇంట్లో అందరూ సంతోషించారు. తరువాత అవి మేకుకు వేలాడుతూ ఉండిపోయాయి. రంపం మాత్రం రోజూ బయటికి వెళ్ళింది.

రెండేళ్ళకు, మూడేళ్ళకు చెట్లు మారడం మొదలుపెట్టాయి. కొట్టినప్పుడల్లా లోపల నుంచి మందమైన జవాబు వచ్చేది. ఠంగుమనే కొస ఎక్కడో రాలిపోయేది. తుఫానుకు వేళ్ళు కదిలి, ఉప్పునీరు పట్టి చెట్ల కడుపులు పాడైపోయాయని అతను అనుకున్నాడు. అలా అని నలుగురికీ చెప్పాడు. నలుగురూ ఒప్పుకున్నారు. తుఫాను అంత పెద్దది, అది ఏం చేసినా చేస్తుంది. పిట్టలు కూడా తగ్గిపోయాయని అతను గమనించాడు. తెల్లవారుజామున చెట్టెక్కితే ఇదివరకు చెవులు గింగురుమనేవి. ఇప్పుడు పిట్టలు నోరు తెరిచి మూస్తున్నాయి గానీ, కొమ్మల మీద పెద్దగా మాటలు లేవు.

*

మాణిక్యాంబగారికి ఆ పనసచెట్టుతో పని ఉంది. పచ్చి పనసకాయను కత్తితో సన్నగా కొట్టి పొట్టు తీయడంలో ఆవిడ చెయ్యి మా వైపు పేరు పడింది. పెళ్ళిళ్ళకు పనసపొట్టు ఆవిడ దగ్గర చెప్పి పెట్టుకుంటారు. భర్త కిరాణాకొట్టుకు వచ్చేవాళ్ళలో సగం మంది దానికోసమే వచ్చి, దారిలో కందిపప్పు కూడా కొనుక్కుంటారని వీధిలో హాస్యం. చెట్టు వంటింటి మీదికి ఒరిగింది. గట్టిదైతే రెండు కొమ్మలు తీయించి ఉంచుకుందామనే ఆవిడ అతన్ని పిలిపించారు. గుల్ల అన్నాక మారుమాట లేదు.

రెండు రోజులు పట్టింది. మొదటి రోజు కొమ్మలన్నీ దిగాయి. పిందెలను ఆవిడే ఏరి గంపకెత్తారు. రెండో రోజు మధ్యాహ్నానికి మొదలు ఒక్కటే మిగిలింది. పనసజిగురు పట్టకుండా రంపానికి కిరసనాయిలు రాసి, ఛాతీ ఎత్తులో కోశాడు. దుంగ పడింది. అచ్చిబాబు మోకు చుట్టుకుంటూ వచ్చి కోత వైపు చూసి ఆగిపోయాడు.

పసుపు. అంచు నుంచి నడిమి దాకా, నడిమి నుంచి అంచు దాకా, అప్పుడే నూరిన పసుపుకొమ్ములా నిండుగా ఉంది. ఎక్కడా ఒక నల్లటి చుక్క లేదు.

"ఇది పైభాగం కదండి. గుల్ల కింద ఉంటది," అన్నాడు గున్నేశ్వరరావు.

మోకాలి ఎత్తులో మళ్ళీ కోశాడు. పసుపే. అతను రంపం ఆపకుండానే వంగి, నేలకు జానెడు పైన ఇంకోసారి కోశాడు. రంపపుపొట్టు ఎగిరి అతని కాళ్ళ మీద, మాణిక్యాంబగారి తులసికోట మీద, ఆరేసిన బట్టల మీద పడింది. ఆ వాసన వీధంతా వచ్చింది, పండు వాసనకు కొంచెం ఇవతల ఆగిపోయిన తీపి. మూడో కోత కూడా పసుపే. ఇక కోయడానికి కింద చెట్టు లేదు.

రంపం ఆగింది. మాణిక్యాంబగారు మెట్టు దిగి వచ్చి, మొదలు మీద అరచెయ్యి పెట్టి చూశారు. అరచేతికి జిగురు అంటింది.

"ఇందులో గుల్ల ఎక్కడుందయ్యా?" అన్నారు.

అతను వంగి రంపానికి అంటిన జిగురు తుడుస్తున్నాడు. సత్యప్రసాద్‌గారి ట్రాక్టరు వచ్చి దుంగలను ఎక్కించుకుని వెళ్ళింది, ముందు అనుకున్న ప్రకారమే, వంటచెరకు ధరకే.

*

మర్నాడు గున్నేశ్వరరావు పనికి వెళ్ళలేదు. అడితికి వెళ్ళాడు. మామూలుగా అతను చెట్టు పడ్డాక దాని మొహం చూడడు. అది అడితి సంగతి. ఆ రోజు మాత్రం వరసల మధ్య నడిచాడు. తను కోసిన కోతలు తనకు తెలుసు. ప్రతి చేతికీ రంపం కొంచెం వాలు ఉంటుంది. లైబ్రరీ వీధి వేప, చేపలచెరువు గట్టు మీద నేరేడు, డాక్టరుగారి పెరట్లో మామిడి, రెండు నల్లతుమ్మలు. మొదళ్ళు ఎండకు ముదురు రంగు తిరిగాయి. అన్నీ ఏడాది లోపల అతను గుల్ల అన్నవే. ఒక్కో దుంగ మొహాన్నీ అరచేత్తో తుడిచి చూశాడు. అన్నిటికీ నడిమి దాకా చేవ ఉంది. మామిడికి మాత్రం రూపాయి బిళ్ళంత పురుగు కన్నం.

సత్యప్రసాద్‌గారు షెడ్డులో టీ తాగుతున్నారు.

"ఇయ్యన్నీ నేను గుల్లన్నవే కదండి."

"ఆఁ, అవే."

"ఒక్కటీ గుల్ల కాదు కదండి."

"కూచో. టీ తాగుతావా?"

"మీకు తెలుసాండి?"

"దుంగ నా ఇంటికొచ్చాక తెలీకుండా ఎలా ఉంటుందయ్యా?"

"మరి చెప్పలేదేంటండి?"

సత్యప్రసాద్‌గారు గొంతు పెంచలేదు. అందుకని గున్నేశ్వరరావు ఆయన పెదవుల వైపు చూడవలసి వచ్చింది. తను కొన్నాళ్ళుగా అందరి పెదవుల వైపూ చూస్తున్నానని అప్పుడే మొదటిసారి తెలిసిందట.

"చూడు గున్నేశ్వరరావూ. ఇరవై ఏళ్ళు నువ్వు గట్టి అంటే నేను కాదన్నానా? అడిగిన ధర ఇచ్చి పట్టుకెళ్ళాను. ఇప్పుడు నువ్వు గుల్లంటే కాదనడానికి నేనెవర్ని? నీ మాట నువ్వు చెప్పావు, నేను విన్నాను. పోడూరులో రెండు వేపలున్నాయి. గురువారం రా."

అతను గురువారం వెళ్ళలేదు.

ఇంటికి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లోవమ్మ కొబ్బరికాయల యార్డులో పని చేస్తుంది. ఇరవై ఏళ్ళుగా అక్కడ కాయలు వేరు చేయడం ఆవిడ పని. రెండు కాయలను ఒకదానికొకటి తగిలించి, శబ్దాన్నిబట్టి ముదురును ఒక పక్కకు, లేతను ఒక పక్కకు, లోపల ఎండి కురిడీ అయినదాన్ని ఇంకో పక్కకు విసురుతుంది. ఒక్కో కాయకు రెప్పపాటు కూడా పట్టదు. సాయంత్రం ఆవిడ వచ్చేసరికి భర్త చీకట్లో లైటు వెయ్యకుండా ఉన్నాడు.

"పని లేదా ఇయ్యాల?"

అతను విషయం చెప్పాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడి విన్నది.

"మొన్న పాలు పొంగి పొయ్యి ఆరిపోతంటే పక్కనే కూచున్నావు. పిలిత్తే పలకవు. ముసలితనానికి పొగరొచ్చిందనుకున్నాను," అన్నది.

ఇంట్లో ఉన్న ఎనిమిది కొబ్బరికాయలు తెచ్చి అతని ముందు దొర్లించింది. అతన్ని గోడవైపు తిరగమంది. ఒక్కోటి తీసి కత్తి వెనకవైపుతో కొట్టింది.

"ఇది?"

"లేత."

"ఇది?"

"లేత."

"ఇదీ?"

"అదీ లేతే."

ఎనిమిదీ అయ్యాక ఆవిడ కాయలను మూలకు నెట్టి వంటకు లేచింది. ఎన్ని తప్పాడో చెప్పలేదు. అన్నం పెట్టేటప్పుడు మాత్రం, ఎప్పుడూ లేనిది, అతనికి ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా మాట్లాడింది.

*

హారతి అప్పటికి పాలకొల్లు బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లో పని చేస్తోంది. తండ్రిని రాజమండ్రి తీసుకువెళ్ళింది ఆ పిల్లే. ఆస్పత్రిలో ఒక గాజు గదిలో అతన్ని కూర్చోబెట్టి నర్సు తలకు డిప్పలు తగిలించింది. నల్లటి కమ్మీ, రెండు వైపులా రెండు డిప్పలు. వాటికి వైరు ఉంది, లోపల శబ్దం కూడా వస్తోందట. వినపడినప్పుడల్లా చెయ్యి ఎత్తమన్నారు. గాజు అవతల నుంచి హారతి చూస్తోంది. తండ్రి చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాఠం బాగా అప్పజెప్పే పిల్లవాడిలా తల నిటారుగా ఉంచి, కదలకుండా కూర్చున్నాడు. చాలాసేపు చెయ్యి లేవలేదు.

డాక్టరు రంపం సంగతి అడిగాడు. పని చేసేటప్పుడు చెవులకు ఏమీ పెట్టుకునేవాడివి కాదా, పెట్టెలోనే ఇస్తారే, అన్నాడు. గున్నేశ్వరరావు తెలియనట్టు చూశాడు. హారతి నేలవైపు చూసింది. తిరుగు ప్రయాణంలో బస్సు వంతెన దాటింది.

"డిప్పలు పెట్టుకుని చదివింది నేను నాన్నా," అన్నది ఆ పిల్ల చివరికి, అతని వైపు తిరిగి.

"ఫస్టుక్లాసు వచ్చింది కదా," అన్నాడు అతను.

ఈ సంగతి నాకు చెబుతూ అతను నవ్వాడు. "సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయంటండి. పిట్టల కూత ముందు పోద్దంట. నేను పిట్టలే తగ్గాయనుకున్నానండి. అచ్చిబాబుగాడితో కూడా అన్నాను, ఆడు అవును బావా అన్నాడు. ఆడు అన్నిటికీ అవునంటాడు."

మరుసటి వారం అతను ఒక్కో ఇంటికీ వెళ్ళాడు. అయిదు ఇళ్ళు. చెట్టు తప్పు కాదండి, నా చెవి తప్పండి, అని చెప్పి వచ్చాడు. ఒకరు తిట్టారు. ఒకరు లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. నల్లతుమ్మల ఆసామి, పోయిన చెట్టుకు ఇప్పుడేం లెక్క అన్నాడు. చివర మాణిక్యాంబగారి ఇల్లు. ఆవిడ పెరట్లో గోనె పరుచుకుని, ముందు కాయల గుట్ట పెట్టుకుని కూర్చున్నారు. ఆ కాయలు తుని సంత నుంచి తెప్పించినవి. పెరట్లో పనస మోడు మీద తడిగుడ్డ ఆరేసి ఉంది.

అతను చెప్పాడు. ఆవిడ కత్తి ఆపలేదు.

"ఎల్లుండి ఉదయభాస్కర్‌గారింట్లో పెళ్ళి. నలభై కాయ కొట్టాలి. ఆ రెండో కత్తికి నూనె రాసి కూచో," అన్నారు.

అతను కూర్చున్నాడు. ఇద్దరూ ఒక గంట సేపు పొట్టు కొట్టారు. గోడ ఇవతలికి రెండు కత్తుల చప్పుడు వినిపించింది, ఒకటి తొందరగా, ఒకటి నెమ్మదిగా. పొట్టు గంపలు నిండాక ఆవిడ చేతులకు నూనె రాసుకుని, అతని నడుమువైపు చూపించారు.

"ఆ సున్నపుకాయ ఇలా ఇయ్యి."

"ఎందుకండి?"

"ఆ చెవితో ఇంకొకళ్ళ చెట్టు దగ్గరికి వెళ్ళకుండా."

అతను తువ్వాలు ముడి విప్పి ఇచ్చాడు. అది అతని తండ్రిది. అంచులు అరిగి, మూత కొంచెం వదులు. ఆవిడ దాన్ని వంటింటి కిటికీలో పెట్టారు. ఆ వేసవంతా అది అక్కడే ఉంది. పొద్దుటి ఎండ పడినప్పుడు మా ఇంట్లోంచి ఒక మెరుపులా కనిపించేది.

కొమ్మలు దించే పని అతను మానలేదు. దానికి చెవులు అక్కర్లేదు. కింద నుంచి అచ్చిబాబు కేకలు వేయడం మానేసి మోకును లాగడం మొదలుపెట్టాడు, ఒక లాగుకు ఆగు, రెండు లాగులకు కొయ్యి. మేకుకు వేలాడిన డిప్పలను హారతి దుమ్ము దులిపి తండ్రి తలకు పెట్టింది. కానీ ఏ చెట్టు ఉంచాలో ఏది తీయాలో తేల్చమని ఎవరైనా వస్తే, అతను తల అడ్డంగా ఊపి పంపేసేవాడు. వచ్చినవాళ్ళు సత్యప్రసాద్‌గారి దగ్గరకు వెళ్ళేవారు. ఆయన చెట్టును చూసి గుల్లే అనేవారు. ఆ మాట గున్నేశ్వరరావు చెవిన అచ్చిబాబు పెద్దగా అరిచి వేసేవాడు.

*

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం లోవమ్మ మాణిక్యాంబగారి గుమ్మంలోకి వచ్చింది. వెనక మొగుడు, అతని వెనక అచ్చిబాబు.

"సున్నపుకాయ ఇప్పించండమ్మగారూ," అన్నది.

"మీ ఆయనకి చెవి వచ్చిందా?"

"రాలేదండి. నాకుందండి. ఆయన కొడతాడు, నేను ఇంటాను. కాయలో ఎన్ని నీళ్ళున్నాయో చెప్తాను, చెట్టు చెప్పలేనా?"

"కాయ వేరు, చెట్టు వేరు కదే."

"రెండూ లోపలే కదండి పాడయ్యేది."

మాణిక్యాంబగారు ఆలోచించారు. వాళ్ళ వసారాకు ఆరు కర్రస్తంభాలు. ఆరింటికీ ఆకుపచ్చ రంగు. వాటిలో ఒకదాన్ని లోపల చెద తినేసింది. అది ఏ స్తంభమో ఆవిడకూ, ఆవిడ భర్తకూ మాత్రమే తెలుసు. అది ఏదో చెప్పు, కాయ ఇచ్చేస్తాను, అన్నారు.

గున్నేశ్వరరావు గొడ్డలి తిప్పి పట్టుకున్నాడు. మొదటి స్తంభాన్ని మూడు ఎత్తుల్లో కొట్టాడు. లోవమ్మ రెండో వైపు చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. అచ్చిబాబు ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపింది. రెండోది. మూడోది. నాలుగో దాని దగ్గర ఆవిడ మళ్ళీ కొట్టమని వేలు చూపించింది. అతను మళ్ళీ కొట్టాడు. ఇంకా కింద, అని చూపించింది. అతను వంగి కొట్టాడు.

"ఇదేనండి. నడుం దాకా బానే ఉంది. కింద జానెడే పోయింది," అన్నది.

మాణిక్యాంబగారు మిగతా రెండూ కొట్టించలేదు. కిటికీలోంచి సున్నపుకాయ తెచ్చి ఇచ్చారు. లోవమ్మ దాన్ని మొగుడికి అందించబోతే, "నీ దగ్గరే ఉండనీ," అన్నారు.

ఊరు వెంటనే ఒప్పుకోలేదు. "ఆడమనిషి మాట మీద కలప బేరమా?" అన్నారట సత్యప్రసాద్‌గారు అడితిలో. ఆ మాట లోవమ్మ దాకా వెళ్ళింది. "ఆయన అడితి తాళాలు ఎవరి కొంగున ఉంటాయో కనుక్కోమనండి," అన్నదట. చెట్లు అమ్మేవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. గీత లేకుండా అమ్మం అన్నారు. ఏడాది తిరిగేసరికి సత్యప్రసాద్‌గారు కూడా వచ్చి, పెరట్లో కుర్చీ వేస్తే కూర్చుని, లోవమ్మ కళ్ళు తెరిచే దాకా కదలకుండా ఉండేవారు.

రెండు వేల మూడు జూన్‌లో మా పెరటి నేరేడు వంటింటివైపు ఒక చెయ్యి వాల్చింది. కబురు పెడితే ముగ్గురూ వచ్చారు. గున్నేశ్వరరావు ఈ ఏడాదిలో కొంచెం వంగిపోయాడు. డిప్పలు మెడ చుట్టూ ఉన్నాయి. గొడ్డలి పదును తనవైపు తిప్పుకుని మూడు చోట్ల కొట్టాడు. లోవమ్మ అవతలి వైపు చెవి ఆనించి, వీధిలో వెళ్తున్న లారీ చప్పుడు అణిగే దాకా చెయ్యి ఎత్తి ఉంచింది. చెయ్యి దించింది. అతను మళ్ళీ కొట్టాడు. నేరేడుపళ్ళు నాలుగు రాలి, ఒకటి అతని భుజం మీద పగిలి ఊదారంగు మరక చేసింది. అతనికి అది తెలిసినట్టు లేదు. అతను ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు.

ఆవిడ ఇంకా కళ్ళు తెరవలేదు. నేను ఆగలేక అతని ఎదురుగా వెళ్ళి, పెదవులు కనపడేలా నిలబడి, గట్టిదేనా అని అడిగాను.

"నన్నడక్కండి," అన్నాడు గున్నేశ్వరరావు. "సున్నం ఆవిడ దగ్గరుందండి."